పొయ్యి దాకా వెళ్ళని గడ్డి ఇటుకలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో ఏదైనా ఉంటే, అది అంత అవసరమైనది కాదని గట్టిగా నమ్మేవాణ్ణి. ఇరవై తొమ్మిదేళ్ళకే పేరు ముందు డాక్టరు అన్న మాట వచ్చి చేరితే మనిషికి పట్టే జబ్బు అది. (మందు లేకపోలేదు. ఆ మందు నాకెలా పడిందో చెప్పడానికే ఇదంతా.) హైదరాబాదులో ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో, ఏ వస్తువు ఎంత వేడికి ఎలా మండుతుందో కొలవడం నా ఉద్యోగం. మా మండపేట వైపు కోత మిషన్లు కొత్తగా దిగిన కాలం. సెలవులకి వచ్చినప్పుడల్లా, కోతలయ్యాక చేలల్లో మిగిలిన గడ్డిని నిలువునా తగలబెట్టేస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేది. ఇంత ఇంధనాన్ని ఊరికే పొగ చేసేస్తున్నారే! దాన్ని ఇటుకల్లా నొక్కి హోటళ్ళకి అమ్మితే రైతుకి ఆదాయం, ఊరికి మంచి గాలి, నాకు పేరు. (ఆ మూడోది పైకి అనేవాణ్ణి కాదు.) ఉద్యోగం మానేశాను. మా నాన్నగారు నాతో మాట్లాడ్డం మానేశారు.

రైసు మిల్లున్న మా మావయ్య ఒక్కడే జాలిపడి, మిల్లు వెనక ఖాళీగా ఉన్న షెడ్డు ఇచ్చాడు. తరిగిన గడ్డి ఇటుకలా అతుక్కోవాలంటే జిగురు కావాలి. పంచదార ఫ్యాక్టరీలో మిగిలిపోయే నల్లటి తియ్యటి మడ్డి తెప్పించాను. అది చాలక మిల్లులో ఊడ్చిన తవుడు కూడా కలిపాను. ఏదీ వృథా పోకూడదన్నది నా సిద్ధాంతం. గడ్డి, తవుడు, తీపి, ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో మా ఊళ్ళో ఎవర్నడిగినా చెప్పి ఉండేవారు. నేను అడగలేదు. మూడు నెలలు తిప్పలు పడి, ఎండలో ఆరబెట్టి, ఇటుకల్ని షెడ్డు ముందు చిన్న గుట్టగా పేర్చాను.

"ఒరే, దాళ్వా ధాన్యం వచ్చేత్తంది. షెడ్డు నాక్కావాలి," అన్నాడు మావయ్య ఒకరోజు, నా మొహం చూడలేక ఇటుకల వంక చూస్తూ. "కొనేవోడుంటే సరే. లేకపోతే ఆ హైదరాబాదోళ్ళకి ఓ ఉత్తరం రాసుకో నాయనా, మళ్ళీ తీసుకుంటారేమో."

రాజమండ్రిలో పెద్ద హోటలు నడిపే ఒకాయన్ని వారం రోజులు బతిమాలి, వచ్చి చూడ్డానికి ఒప్పించాను. ఆయన వంటింట్లో పది పొయ్యిలు. ఆయన ఊ అంటే నేను నిలబడ్డట్టే. ఆ రోజు పొద్దున్నే వెళ్ళి ఆయన్ని కారులో వెంటబెట్టుకొచ్చాను. దారి పొడుగునా దహనశాస్త్రం చెబుతూనే ఉన్నాను. ఆయన ద్వారపూడి దగ్గర ఒకసారి, మిల్లు దగ్గర ఒకసారి ఆవులించారు.

షెడ్డు ముందు కారు దిగేసరికి గుట్ట లేదు. గుట్ట ఉన్న చోట మూడు గేదెలున్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో ఇటుకని తీరిగ్గా, కళ్ళు అరమూసుకుని నములుతోంది. అవి మిల్లు పక్కన పాలు పోసే పాలత్తయ్య గేదెలు. నేను కేక వేస్తే ఒక గేదె నా వైపు చూసింది. అంత గౌరవం లేని చూపు అంతకు ముందు నా థీసిస్ పరీక్షకుల దగ్గర కూడా చూడలేదు. ఎలాగో ఒకదాని నోట్లోంచి సగం ఇటుక లాక్కుని, "మీరు చూడండి సార్, ఎలా మండుతుందో!" అంటూ అగ్గిపుల్ల గీశాను. చొంగతో తడిసిన ఇటుక మండలేదు. అగ్గిపెట్టె సగం అయ్యాక కాస్త పొగ వచ్చింది. నా మెడ మీద గేదె ఊపిరి మాత్రం వెచ్చగానే తగులుతోంది, తన వాటా తనకిచ్చెయ్యమన్నట్టు.

"డాక్టరు గారూ," అన్నారు హోటలాయన ఎంతో మర్యాదగా, "ఇది పొయ్యిలోకాండీ, గేదెకాండీ?"

ఇంతలో పాలత్తయ్య కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. మూణ్ణెల్ల కష్టం అని నేను అరుస్తుంటే ఆవిడ చేతులు జోడించేసింది.

"తప్పయిపోయింది బాబూ! మొన్నట్నుంచి తాడు తెంపుకుని మరీ మీ గోడ కాడికే వచ్చేత్తన్నాయి. ఉత్త గడ్డేత్తే నాకేసి చూసి తల తిప్పేసుకుంటన్నాయండి! అందులో ఏం కలిపారో చెబుదురూ, ఆయ్, మీకు పుణ్యముంటాది."

హోటలాయన మొదటిసారి నావైపు శ్రద్ధగా చూశారు. "మా ఊళ్ళో నాకూ ఎనిమిది పాడిగేదెలున్నాయండి. పొయ్యి సంగతి తర్వాత చూద్దాం. ఓ బస్తా ఇలాంటివి ఇవ్వగలరా?"

నేనేమన్నాననుకున్నారు? "క్షమించండి, ఇది ఇంధనం!" అన్నాను. ఆయన నవ్వి వెళ్ళిపోయారు. ఏడేళ్ళ నా చదువు పశువుల మేతగా మారడమా అని ఏడవలేక షెడ్డులో కూర్చున్నాను. వారం రోజులు పాలత్తయ్య గోడ మీంచి అడుగుతూనే ఉంది, నేను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. ఎనిమిదో రోజున మావయ్యే నన్ను స్కూటరెక్కించుకుని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన మిగిలిన ఆ సగం ఇటుకని విరిచి వాసన చూసి, పగలబడి నవ్వి, మడ్డి ఎంత తగ్గించాలో, ఏ లవణాలు కలపాలో ఒక చీటీ మీద రాసిచ్చారు. మొదటి బస్తా పాలత్తయ్యకి. రెండోది నేనే రాజమండ్రి బస్సులో వేసుకెళ్ళి, సిగ్గుపడుతూ హోటలాయనకి ఇచ్చొచ్చాను.

ఇప్పుడా మేత చాలా ఊళ్ళకి వెళుతోంది. మా చుట్టుపక్కల చేలల్లో గడ్డి తగలబెట్టడం కొంచెం తగ్గింది కూడా. కాలేజీల వాళ్ళు పిలిచి ఈ ఆలోచన ఎలా వచ్చిందని అడిగితే, గొంతు సవరించుకుని "నిశిత పరిశీలన" అంటాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ కుర్రాడే గుర్తొస్తాడు. మోకాళ్ళ మీద కూర్చుని, తడిసిన ఇటుక మీద పుల్ల తర్వాత పుల్ల గీస్తూ, ఎలాగైనా మండించాలని బుగ్గలుబ్బించి ఊదుతూ. వెళ్ళి భుజం మీద చెయ్యేసి, "ఇక చాలు లేరా" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేవాడు కాదు లెండి. మూడు గేదెలు నోరారా చెబితేనే వారం పట్టింది వాడికి.