మా ఇంట్లో లేని పిల్లి

నా చిన్నప్పుడు, హైదరాబాదు మీద పోలీసు చర్య జరిగిన ఏడాది, మా బాపు విషజ్వరంతో మంచం పట్టాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. మాది నల్లగొండకు ఆమడ దూరంలోని నేతవారి ఊరు. బస్సులు నిలిచిపోవడంతో దవాఖానకు తీసుకుపోయే దారి లేక, ఊరి హకీం ఇచ్చిన కషాయాలే దిక్కయ్యాయి.

లెక్కపెట్టే గుణం నాకు అప్పటికే ఉంది. జ్వరం వచ్చి పదకొండో రోజు; అమ్మ పూటకు సగం రొట్టె కూడా తినక ఆరు రోజులు. తల దువ్వుకోలేదు. బాపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి శ్వాస చూసేది. బాపును వానలో సంతకు తానే పంపానని కుమిలిపోయేది. తాను పక్కనుంచి లేచిన క్షణంలోనే ఏదో జరిగిపోతుందని ఆమె భయం. ఆమె కూడా పడిపోతే ఎలాగన్నది నా భయం.

ఆ మధ్యాహ్నం మా అవ్వ, అంటే బాపు తల్లి, పెరట్లో చేస్తున్న పని చూసి నివ్వెరపోయాను. నూలు దొరకని ఆ రోజుల్లో, శుభ్రమైన చిలపను, అంటే నూలు కట్టను, రెండు చేతులా నలిపి, కావాలనే చిక్కులు వేస్తున్నది. నేతవారి ఇంట అంతకన్న పాపం లేదు. నేను నోరు తెరవబోతే అరచేత్తో మూసింది. ఆ నూలు తెచ్చి అమ్మ ఒడిలో వేసింది.

“పిల్లి ఆగం జేసింది బిడ్డా. నా కండ్లకు పోగు ఆనుతలేదు. అరుగు మీద ఎలుతురుంది, జర చిక్కు విప్పుపో.”

“గిప్పుడా అత్తా? ఆయన లేస్తే?”

“నేను గూసుంట. నీకన్న ముందుగాల నేనే సాదిన వాన్ని.”

అమ్మ అయిష్టంగానే అరుగు మీదికి వచ్చింది. ముడి తరువాత ముడి వదులుతుంటే బిగుసుకున్న భుజాలు దిగాయి. కాసేపు ఏడ్చింది. ఏడుపు ఆగాక, ఎన్నాళ్లకో నన్ను చూసింది.

“నీ జడ ఎవరేసిండ్రే, గిట్ల వంకర?”

అవ్వేనన్నాను. ఫక్కున నవ్వింది. అంతలో ఏదో తట్టి, లోపలికి కేక వేసింది.

“అత్తా! మన ఇంట్ల పిల్లి యాడిది?”

మంచం మీది నుంచి బాపు నీరసపు గొంతు పలికింది.

“నేనే ఆ పిల్లిని. జర గంజి వొయ్యుండ్రి.”

పదకొండు రోజుల్లో ఆయన నోరు తెరిచి అడిగిన మొదటి తిండి అది. అమ్మ ఆయనకు గంజి తాగించి, తానూ రెండు రొట్టెలు తిన్నది. జ్వరం దిగడానికి మరో ఐదు రోజులు పట్టింది. అమ్మ భయం అంతకన్న నెమ్మదిగా పోయింది. అయితే ఆనాటి నుంచి ప్రతి మధ్యాహ్నం గంటసేపు మంచం పక్కన అవ్వే కూర్చున్నది.

ఇప్పుడు ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, నా దినచర్య పుస్తకంలో రెండు గళ్లు గీస్తాను. ఒకటి రోగి జ్వరానికి. మరొకటి, పక్కన కూర్చున్న మనిషి ఏం తిన్నది, ఎంతసేపు కునుకు తీసింది అన్నదానికి. ముందుగా నింపేది ఆ రెండో గడినే.