వెనకనుంచా, పక్కనుంచా

ఎల్బీ నగర్ ఆసుపత్రిలో నేను రిపోర్టు చేసింది సోమవారం ఉదయం ఆరూ నలభైకి. సన్నటి వాన. సామాను: వాకర్, ఫ్లాస్కు, రెండు దుప్పట్లు, ఎక్స్‌రే కవరు. ఫౌజులో పద్దెనిమిదేళ్లు నర్సింగ్ అసిస్టెంటుగా చేశాను. మంచులో, ఇసుకలో స్ట్రెచర్లు మోశాను. ఈసారి పోస్టింగు ఎముకల వార్డు, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం.

పేషెంటు మా అత్తమ్మ. డెబ్బై నాలుగేళ్లు. చంపాపేట్‌లో మాతోనే ఉంటుంది. ఆదివారం స్నానాల గది గడప దగ్గర జారిపడి కుడి తుంటి విరిగింది. నా భార్య సుశీలకు దిల్‌సుఖ్‌నగర్ బట్టల షాపులో బతుకమ్మ రష్షు. సెలవు దొరకలేదు. డ్యూటీ నాకు పడింది.

సర్జన్ కోస్తా మనిషి. తుంటి కీలులో విరిగిన ఎముక బంతి తీసేసి లోహపు బంతి పెడతామన్నాడు. ఆ బంతి తిరిగే గిన్నె మాత్రం ఆమెదే ఉంటుందన్నాడు. లోపలికి రెండు దారులున్నాయట. వెనకనుంచి వెళితే కాలిని పక్కకు ఎత్తే కండరం జోలికి పోనక్కర్లేదు, నడక బాగా వస్తుంది. కానీ బాగా వంగినా, కింద కూర్చున్నా బంతి జారే భయం ఎక్కువ. పక్కనుంచి వెళితే ఆ భయం తక్కువ. అయితే ఆ కండరాన్ని కొంత విడదీయాలి. కుంటు మిగలొచ్చు.

“ఇంట్లో ఆవిడ ఎక్కడ కూర్చుంటారండీ?” అని అడిగాడు.

అత్తమ్మ నా ముందు ఎన్నడూ కుర్చీలో కూర్చోలేదు. నేను గదిలోకి వస్తే మంచం దిగి నేలమీద కూర్చుంటుంది. పెళ్లయిన నాటినుంచీ అంతే.

“కిందనే సార్. నన్ను చూస్తె కిందికి దిగుతది. ఎంత చెప్పినా ఇనది.”

“అయితే పక్కనుంచే చేద్దాం. కింద కూర్చోవద్దనే చెబుదాం. మరిచిపోయి కూర్చున్నా కొంత నయం.”

అత్తమ్మను అడిగితే మీ ఇష్టమని మొహం తిప్పుకుంది. సుశీలకు ఫోన్ చేసి రెండు దారులూ చెప్పాను.

“అమ్మ కుంటుతదా?”

“కుంటొచ్చు.”

షాపు గోలలో ఎవరికో చీర ధర చెప్పింది. తర్వాత సరే అంది. సంతకం నేను పెట్టాను.

మంగళవారం పదకొండుకు లోపలికి తీసుకెళ్లారు. ఒంటిగంటకు బయటికి తెచ్చారు.

గురువారం ఫిజియో అమ్మాయి ఆమెను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి వెళ్లింది. నేను ఇడ్లీ పొట్లంతో వచ్చాను. నన్ను చూడగానే అత్తమ్మ వాకర్ పట్టుకుని కిందికి దిగబోయింది. పొట్లం పడేసి చంకల కింద చేతులు వేసి ఆపాను. అన్నేళ్లలో ఆమెను ముట్టుకోవడం అదే మొదలు.

“అల్లుని ముంగట కుర్సీల ఎట్ల కూసుంట బిడ్డా?” అంది.

మూడు రోజులుగా బెంచీ మీదే పడుకుంటున్నాను. వాదించే ఓపిక లేదు. ఆమెను వాకర్‌కు ఆనించి నేనే నేలమీద కూర్చున్నాను, వీపు మంచం కోడుకు ఆనించి.

“ఇగ కూసో అత్తమ్మా.”

 వాకర్ వదలకుండా మెల్లగా కూర్చుంది. నేను అందించిన ఇడ్లీ కళ్లు తుడుచుకుంటూ తిన్నది. కింద నేనూ తిన్నాను.

తొమ్మిదో రోజు డిశ్చార్జి. పైపుల కోసం మా సందు తవ్వారు. ఆటో మూలమీదే ఆగింది. అక్కణ్ణుంచి ఇంటిదాకా అత్తమ్మ వాకర్‌తో నడిచింది.

ఏడాది దాటింది. బంతి జారలేదు. కుంటు పోలేదు. సర్జన్ సరైన నిర్ణయమే అన్నాడు. నేనూ అదే అనుకుంటాను.

కానీ ఆ రోజు సందులో చూసిన ఆమె వీపు నన్ను వదలదు. అడుగడుక్కీ ఒళ్లు కుడివైపు ఒరుగుతోంది, చంకన నిండు బిందె ఉన్నట్టు. గుమ్మాల్లోంచి జనం చూస్తున్నారు. ఆమె ఆగలేదు. సంచులతో వెనక నేను నడుస్తున్నాను.