అద్దం నిలబడని హెల్మెట్‌తో ధర్మవరం దాకా

మోటార్‌సైకిల్ కొన్నది నేను, నడుపుతున్నది మా అన్న. గుంతకల్లు రైల్వే ఆఫీసులో పదహారేళ్లు గుమాస్తాగా చేసి, నలభై రెండో ఏట ముచ్చటపడి ఒక పాత బండి కొనుక్కున్నాను. ఆ రోజు నుంచి అన్న రోజుకో సాకు చెప్పి తాళాలు పట్టుకుపోతూనే ఉన్నాడు. అడిగితే "ఆడపిల్లవు, రోడ్డు మింద యాడన్నా ఆగిపోతే ఏం జేస్తావు?" అంటాడు. మాటా మాటా పెరిగి చివరికి పందెం పడింది. ధర్మవరంలో నేయించుకున్న చీర సిద్ధంగా ఉందని కబురొచ్చింది, వెళ్లి తెచ్చుకోవాలి. "ఒక్కదానివే పోయి రా. దావలో నాకు ఫోన్ చేసినావంటే బండి నాది. చెయ్యకుండా వస్తివా, ఇంక తాళాలు ముట్టుకోను" అన్నాడు. సరేనన్నాను. బయలుదేరే ముందు రాత్రి నా హెల్మెట్ పట్టీ పుటుక్కున తెగింది. అన్న పెద్దమనసు చేసుకుని తన హెల్మెట్ ఇచ్చాడు. "గట్టిది, ఏసుకో" అన్నాడు. ఆ పెద్దమనసును అప్పుడే అనుమానించాల్సింది.

ఉదయం ఐదున్నరకు బయలుదేరాను. గుంతకల్లు నుంచి గుత్తి ముప్పై కిలోమీటర్లు, అక్కడ హైవే ఎక్కితే అనంతపురం ఒక గంట, ఆ తర్వాత ధర్మవరం ఇంకో గంట. మొత్తం సుమారు నూట పాతిక కిలోమీటర్లు. ఆషాఢం కదా, మబ్బులు మా సీమ మీదుగా చుట్టపుచూపుగా కూడా దిగకుండా పోతున్నాయి, గాలి మాత్రం మొత్తం మాకే వదిలేస్తున్నాయి. ఊరు దాటిన మొదటి గుంతలోనే హెల్మెట్ అద్దం టప్పున ముఖం మీద పడింది. పైకెత్తాను. రెండో గుంతలో మళ్లీ పడింది. పడితే పడనీలే అనుకుందామంటే అద్దం నిండా గీతలే. దానికి తోడు నా ఊపిరికి కళ్లజోడు మసకబారుతుంది, ఎదురుగా వచ్చేది లారీనో కొండో తెలియదు. గుత్తి చేరేసరికి నా ఎడమ చెయ్యి క్లచ్ కంటే అద్దాన్నే ఎక్కువసార్లు పట్టుకుంది.

గుత్తి బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినకుండా ఎవరూ ముందుకు పోకూడదు. ప్లేటు నలభై రూపాయలు, పొద్దున ఏడింటి లోపల వెళితే బొరుగులు వేడివేడిగా తాలింపులో ఉంటాయి. చేతిరుమాలు మడిచి అద్దం సందులో కుక్కి, నిలబడుతుందో లేదోనని హెల్మెట్ తలకు పెట్టుకునే బెంచీ మీద కూర్చుని తల పైకీ కిందికీ ఊపి చూశాను. బజ్జీలు వేస్తున్న ఆవిడ నా ప్లేటులో ఇంకో రెండు వేసింది. అద్దం పడింది. రుమాలు సర్ది మళ్లీ ఊపాను. మళ్లీ రెండు వేసింది. మూడోసారి వేయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను.

"వద్దమ్మా, చాలు!"

"మరి తలకాయ ఊపుతాండావు కదమ్మా! అడిగినప్పుడల్లా ఊ అంటివి" అందామె.

హెల్మెట్‌లో ఆమె అడిగింది నాకు వినపడలేదు. ఆరు బజ్జీలు తిని కళ్లనీళ్లతో బండెక్కాను. అప్పుడే బ్యాగులో ఫోన్ మోగింది. చూస్తే అన్న. నేను చేస్తేనే ఓడినట్టు, నిజమే. కానీ ఎత్తితే "ఏమన్నా ఇబ్బందా?" అంటాడు, నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టేశాను.

అనంతపురంలో ఎనిమిదిన్నర. హెల్మెట్ల అంగళ్లు పదింటికి గానీ తెరవరట. హెల్మెట్‌ను బండికే తగిలించి, టీ కొట్టు దగ్గర ఒకాయనను "ఈడ అద్దం బాగుచేసేటోళ్లు ఎవరన్నా ఉండారా అన్నా?" అని అడిగాను. సందులోకి చెయ్యి చూపించాడు. వెళ్లాను. అది కళ్లజోళ్ల అంగడి. తప్పు నాదే, మా వైపు అద్దాలంటే కళ్లజోడే కదా. కానీ ఆ సంగతి నాకు వెంటనే తట్టలేదు. ఈయన రకరకాల అద్దాలు చేస్తాడేమో అనుకున్నాను.

"అద్దం నిలబడదన్నా. జారి జారి కండ్ల ముందరికి పడతాది" అన్నాను.

అంగడి పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. "అద్దాలు కండ్ల ముందర పడక ఇంక యాడ పడాలమ్మా?"

"పైననే ఉండాలన్నా, నెత్తి మింద!"

"నెత్తి మింద పెట్టుకొని ఏం చూస్తావు?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా నా కళ్లజోడు తీసుకుని, రెండు మరలు బిగించి, తుడిచి, మళ్లీ ముఖానికి పెట్టాడు. నిజం చెప్పొద్దూ, ఏడాదిగా జారుతున్న ఆ జోడు అప్పుడే కుదురుగా కూర్చుంది. విషయం అర్థమయ్యాక నేను బండి దగ్గరికి పరిగెత్తి హెల్మెట్ తెచ్చాను. ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. తన బుల్లి స్క్రూడ్రైవర్‌తో దాని మరలు కూడా తిప్పి చూశాడు. "లోపల అద్దాన్ని పట్టే పండ్లు అరిగిపోయినాయమ్మా. ఎంత బిగిస్తే ఏం?" అన్నాడు. డబ్బు తీసుకోలేదు. "పొద్దున్నే నవ్విచ్చినావు, పో" అన్నాడు. ఆయన బిగింపు రాప్తాడు దాటే వరకు నిలిచింది.

ధర్మవరం చేరేసరికి పదిన్నర. అన్న నుంచి తొమ్మిది మిస్డ్ కాల్స్. నా ఓటమి కోసం ఎంత ఆరాటం అని ఒళ్లు మండింది. చీర నేసిన నాగభూషణన్న ఇంట్లో సగం గదిని మగ్గమే ఆక్రమించింది. ఆయన భార్య సరోజక్క చీర విప్పి చూపించింది. నెమలిపింఛం రంగు, పల్లూలో చిన్న చిన్న ఏనుగులు. చూసి కళ్లు చెమర్చాయి. ఈసారి బజ్జీల వల్ల కాదు. కానీ తిరిగి వెళ్లేటప్పుడు ఈ అద్దంతో ఎలా అనే దిగులు ముఖంలో కనపడినట్టుంది.

"చీర బాగలేదా ఏం?" అని అడిగాడు నాగభూషణన్న.

"చీర బంగారం అన్నా. ఈ హెల్మెటే నా మానం తీస్తాండాది. ఇట్లయితే మా యన్నకు ఫోన్ చెయ్యాల్సొస్తాది, బండి పోతాది" అని పందెం కథంతా చెప్పాను.

ఆయన హెల్మెట్ అందుకుని అద్దం ఎత్తాడు, పడింది. మళ్లీ ఎత్తాడు, పడింది. తర్వాత మగ్గం వైపు చూశాడు. పైనుంచి వందల దారాలు వేలాడుతున్నాయి, ప్రతి దారం కొసకూ ఒక సన్నటి ఇనప కడ్డీ ఉంది. అంచులో పువ్వు రావాలంటే దారం పైకి లేస్తుంది, పని అయ్యాక దాన్ని కిందికి లాగేది ఆ కడ్డీ బరువే. ఆయన ఎత్తి పెట్టిన కడ్డీల కట్టలోంచి ఒకటి తీశాడు. పట్టుదారం నాలుగు పేటలు పేని, ఒక కొస అద్దం అంచున ఉన్న బుడిపెకు ముడివేశాడు. దారాన్ని హెల్మెట్ నడినెత్తి మీదుగా వెనక్కి తెచ్చి, రెండో కొసకు కొక్కెంతో కడ్డీ తగిలించాడు. అద్దం పైకి లేచి అక్కడే నిలబడింది.

"మా కాడ బరువు దించుతాది, నీ కాడ లేపుతాది. అంతే తేడా" అన్నాడు. "దుమ్ము లేస్తే కడ్డీ ఊడదీసి జోబీలో ఏసుకో, అద్దం పడతాది."

సరోజక్క నన్ను వెనక నుంచి చూసి "జడగంటల మాదిరి ఉండాది మే!" అని కడుపు పట్టుకుని నవ్వింది. రాగి సంగటి, శెనక్కాయల చట్నీ పెట్టి, నేను ఊ అన్నా ఊహూ అన్నా రెండో ముద్ద వేసింది.

మబ్బు పట్టి ఎండ తగ్గాక రెండున్నరకు తిరిగి బయలుదేరాను. ఎన్ని గుంతలు తగిలినా అద్దం కదల్లేదు. టోలుగేటు దగ్గర ఒక లారీ డ్రైవరు కిటికీలోంచి వంగి "ఏమక్కా, దిష్టికా?" అని అడిగాడు. "అవును, మా యన్న దిష్టి" అన్నాను. ఒకచోట సుడిగాలి లేచి ఎర్రమట్టి రోడ్డు దాటుతుంటే ఆగి, కడ్డీ తీసి జేబులో వేసుకున్నాను. అద్దం బుద్ధిగా దిగింది.

ఐదున్నరకు గుత్తి. పొద్దున నేను బజ్జీలు తిన్న బెంచీ మీదే అన్న కూర్చుని ఉన్నాడు, ఒళ్లో ఒక హెల్మెట్.

"ఈడేం చేస్తాండావు?" అన్నాను.

"పనుండి వచ్చినా."

"దేని మింద వస్తివి?"

"బస్సులో."

"బస్సులో కూడా హెల్మెట్ అడుగుతాండారా ఇప్పుడు?"

అన్న నేల చూపులు చూశాడు. అది నా హెల్మెట్టే. తెగిన పట్టీ కుట్టించి ఉంది. "పొద్దున్నుంచి ఫోన్ చేస్తాండా, ఎత్తవేమే! నా హెల్మెట్ అద్దం నిలబడదని చెప్పడం మరిసిపోతి. నాకు రెండేండ్ల నుంచి అలవాటు, ఒక చేత్తో పట్టుకొని తోలుతా. నీకు అలవాటు ల్యాకపాయె. యాడన్నా పడినావేమో అని..." నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రోజంతా ఈయన ఎగతాళికి భయపడి ఫోన్ ఎత్తలేదు నేను, ఈయనేమో రోజంతా నా కోసం భయపడ్డాడు.

నా హెల్మెట్ నేను పెట్టుకున్నాను. కడ్డీ హెల్మెట్ అన్న నెత్తిన పెట్టి వెనక కూర్చోబెట్టుకున్నాను. గుంతకల్లు దాకా ముప్పై కిలోమీటర్లూ ప్రతి గుంతకూ ఆ కడ్డీ ఆయన వీపు మీద టక్కుమని కొడుతూనే ఉంది. ఇంటి ముందు దిగి తాళం తీశాను. అలవాటుగా అన్న చెయ్యి ముందుకు చాచాడు. ఒక్క క్షణం ఆగి, ఆ చేత్తోనే బ్యాగులోంచి చీర పొట్లం అందుకుని ఇంట్లోకి నడిచాడు.

రోడ్డు మీద ఆగిపోతే ఏం చేస్తావని అన్న అడిగేవాడు కదా, ఇప్పుడు జవాబు తెలుసు. ఆగి, ఎవరినో ఒకరిని అడుగుతాను. తప్పు అంగడికే పంపిస్తారు, అయినా అక్కడ కూడా ఏదో ఒకటి బిగించే పంపిస్తారు. మా కరువు నేలలో వానకు కొదవ గానీ, ఎదుటివాడి కష్టంలో వేలుపెట్టే మనుషులకు కాదు. మీరు ఈ దారిన వచ్చేట్టయితే ఒక్క మాట: అరువు తెచ్చుకున్న హెల్మెట్ అయితే బయలుదేరే ముందే పెట్టుకుని, అద్దం ఎత్తి, పెద్దవాళ్లు చెప్పేదానికల్లా సరేనన్నట్టు పదిసార్లు గట్టిగా తల ఊపి చూడండి. ఆ పని ఇంట్లోనే చేయండి, బజ్జీల బండి ముందు మాత్రం వద్దు.