పూలతీగె గోడ, మా మేస్త్రి

మా మేస్త్రి పోయాడు. కొత్తకోటలో బస్సు దిగి చాయ్ చెప్పానో లేదో, ఆయన బిడ్డ ఫోన్ చేసింది. పొద్దున్నే పానం పోయిందట. అక్కడి బల్ల మీదే కూలబడ్డాను. రిటైరవడానికి ఆర్నెల్లుంది, ఒంట్లో ఓపిక ఎప్పుడో రిటైరయింది. ఇక మేం సగంలో వదిలిన ఆ పూలతీగె గోడను ఎవరు బాగుచేస్తారన్న దిగులే ముందు వచ్చింది, ఏడుపు తర్వాత వచ్చింది. సిగ్గుగానే ఉంది, కానీ ఉన్నమాట.

నేను పాత కట్టడాల మరమ్మతులు చూసే ఓవర్సీర్ని. ఆయన సున్నపు గచ్చు మేస్త్రి. గద్వాల, వనపర్తి సంస్థానాల నాటి కోటలూ మహళ్లూ ఆయనకు చుట్టాల ఇళ్లలా తెలుసు. కొత్త చోటికి వెళ్తే చెప్పులు విడిచి, గోడ పొడుగునా వేళ్ల కణుపులతో తట్టుకుంటూ నడిచేవాడు. బోలుగా మోగిన చోట బొగ్గుతో గీత పెట్టేవాడు. ఆ పని అయ్యేదాకా పలకరించినా పలికేవాడు కాదు.

మీరెప్పుడైనా పాత మహలుకు వెళ్తే వెనకవైపు గదులు కూడా చూడండి. దర్బారు గోడ చెయ్యి జారేంత నునుపుగా ఉంటుంది, వంటింటి గోడ గరుకుగా ఉంటుంది. "ఎవ్వరు చూడని కాడ రాజులు గూడ మనలెక్కనే సారు" అని నవ్వేవాడు.

మేం చివరగా కలిసి పనిచేసింది ఒక చిన్న మహల్లో. రాణివాసపు గోడ పైభాగం నిండా సున్నంతో తీర్చిన పూలతీగె. ఆయన సున్నాన్ని గుంటలో నెలకు పైగా నానబెట్టించి, కరక్కాయ నీళ్లూ బెల్లమూ కలిపి నూరిస్తేగానీ గోడను ముట్టనిచ్చేవాడు కాదు. నాకేమో పైనుంచి ఒకటే తొందర. "జర ఆగున్రి సారు. మట్టితోని కట్టిన గద్వాల కోట గిన్నేండ్లు నిలవడ్డది. మీరు నెల దినాలు నిలవడలేరా?" అన్నాడు.

నిలబడలేకపోయాను. ఆయన జ్వరంతో పది రోజులు రాకపోయేసరికి గోడ కింది సగానికి సిమెంటు కొట్టించేశాను. తెలియక కాదు, తెలిసే చేశాను.

ఆయన వచ్చి గోడ తట్టి చూశాడు. "గోడకు ఊపిరాడకుంట చేసిండ్రు సారు" అన్నాడు, అంతే. రెండు వానాకాలాలు గడిచేసరికి బయటికి దారిలేని చెమ్మ పైకెక్కింది. పూలు ఉబ్బి, ఒక్కొక్కటే రాలాయి. రాలినవాటిని ఆయన గోనెపట్టా మీద వరుసగా పేర్చాడు. నన్ను తిట్టినా బాగుండేది. ఆ తర్వాత చిన్న ఉలితో, గోరంత గోరంత, ఆ సిమెంటును తీస్తూ వచ్చాడు. ఇంకో మూడు బారల మేర మిగిలింది. ఈ వానలలోపు అదీ తీసి గచ్చు పూయకపోతే తీగెలో మిగిలిన పూలు కూడా దక్కవు. వాటిని రాల్చిన పాపంతో నేను రిటైరై ఇంటికి పోవాలి.

మేస్త్రిని మట్టి చేసి వచ్చాక ఆయన బిడ్డ దగ్గర ఇదే చెప్పుకుని ఏడ్చాను. మేస్త్రితోనే ఆ గచ్చు పాళ్లు కూడా పోయాయన్నాను. ఆమె ఇరవై ఏళ్లుగా తండ్రి వెంట పనికి వచ్చేది. నా హాజరు పట్టీలో ఆమె ఎప్పుడూ కూలి మనిషే.

ఆమె కళ్లు తుడుచుకుని నావైపు చూసింది.

"నాయిన గోడకు పూసెటోడు సారు. కలిపింది నేను. ఏ దినమన్న అడిగిండ్రా?"

అడగలేదు. ఒక్కనాడూ అడగలేదు. మేస్త్రి కూడా ఎన్నడూ చెప్పలేదు; నాకు తెలిసే ఉంటుందనుకున్నాడేమో.

"నాయిన దినాలైనంక వస్త. అప్పటిదాంక ఆ గోడను ఎవ్వరిని ముట్టనియ్యకున్రి" అంటూ నాకు మంచినీళ్ల చెంబు అందించింది. అప్పుడు చూశాను ఆమె చేతులు. వేళ్ల సందుల్లో సున్నం తిన్న పగుళ్లు, కొన్ని మానిపోయి తెల్లగా, కొన్ని ఇంకా ఎర్రగా.