బోరు స్టార్టర్ పెద్దమ్మ

శంషాబాద్ నుంచి వెళ్లే బస్సులో, నేను కొనబోయే మొదటి గేమింగ్ కంప్యూటర్ భాగాల పట్టీ డైరీలో రాస్తూ, ఖరీదైన పవర్ సప్లై మీద గీత కొట్టాను. చవకది తీసుకుంటే మిగిలే డబ్బుతో పెద్ద గ్రాఫిక్స్ కార్డు వస్తుందని కంప్యూటర్ దుకాణదారుడు చెప్పాడు.

పక్క సీట్లో ఒక పెద్దమ్మ. ఆమె ఒళ్లో కాలిపోయిన బోరు స్టార్టర్ ఉంది. "ఏంది బిడ్డా, గీత గొడ్తున్నవ్?"

"కంప్యూటర్‌కు కరెంటిచ్చే డబ్బా, పెద్దమ్మా."

"కరెంటు కాడ కక్కుర్తి పడకు. గీ సస్తా స్టార్టర్‌తోని మా మోటరే కాలింది. అమ్మినోని ముంగటనే పడేసొస్త!"

మరునాడు దుకాణదారుడు నా పట్టీ చూసి నవ్వాడు. "గేములాడేది మీ తమ్ముడేగా? అతణ్ణి పంపండమ్మా, అతనితో మాట్లాడతా."

"గేములాడేది నేనే," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "గ్రాఫిక్స్ కార్డు చిన్నదైనా సరే. పవర్ సప్లై మాత్రం మంచిదివ్వండి."