చిట్టి పేరు మీద వచ్చిన ఆటో

దయ్యాలను నేను నమ్మను. ఉద్యోగమంతా ఆడిట్ ఆఫీసులో చేశాను. ఓచరు లేని ఖర్చును ఒప్పుకోని మనిషిని. మా ఆడపడుచు సరోజకు జరిగిన ఈ సంగతిని కూడా అలాగే పరీక్షించాను. తేలలేదు కాబట్టి రాస్తున్నాను.

మావారు రిటైరయ్యాక బెంగళూరులో తక్కువ ఖర్చుతో తిరగడాన్ని ఒక విద్యలా నేర్చుకున్నారు. బస్సు ఎక్కడిదాకా వచ్చిందో చూపే యాప్ ఒకటి, మెట్రో టికెట్టుకు ఒకటి, ఆటోలకు మూడు. ఆ మూడింటిలోనూ రేటు చూసి తక్కువదే బుక్ చేసేవారు. బ్రూక్‌ఫీల్డ్‌లో మా ఇంటి నుంచి ఎటు వెళ్ళాలన్నా ముందు నన్ను రోడ్డు దాటించేవారు. అవతలి వైపు ఎక్కితే ఆటో చుట్టు తిరిగి రానక్కర్లేదు, ఇరవై రూపాయలు మిగులుతాయనేవారు. లెక్క సరైనదే. నేను సరిచూశాను.

ఈ విద్య వల్ల ఎక్కువ బాగుపడింది నేను కాదు, సరోజ. ఆమె ఉండేది బొమ్మనహళ్ళిలో. డాక్టరు దగ్గరికైనా, పెళ్ళికైనా "అన్నా, ఒక ఆటో పంపించన్నా" అని ఫోన్ చేసేది. ఆయన భోజనం మధ్యలో కూడా ఎడమ చేత్తో బుక్ చేసేవారు. ప్రయాణించేవాళ్ళ పేరు అడిగేచోట "చిట్టి" అని కొట్టేవారు. మనవలున్న మనిషిని ఆటోవాళ్ళంతా చిట్టీ అని పిలిచేవాళ్ళు.

నన్ను ఆయన ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "ఇదిగో" అనేవారు. యాప్‌లోనూ నాకు పేరు లేదు. నేనెక్కిన ఆటోలన్నీ రామ్మూర్తి అని మావారి పేరు మీదే వచ్చాయి.

పోయిన ఏడాది ఆయన పోయారు. సిమ్ము నేనే రద్దు చేయించాను. ఫోన్ బీరువాలో ఉంది. చార్జింగ్ కూడా లేదు.

ఈ వానాకాలంలో ఒక మధ్యాహ్నం సరోజ నాకు చెప్పకుండా మా ఇంటికి బయలుదేరింది. వాళ్ళ వీధి చివర బస్సు కోసం నిలబడగానే వాన పట్టుకుంది. ఆమెకు యాప్‌లు రావు. నేర్చుకునే అవసరం వాళ్ళ అన్న రానివ్వలేదు. అప్పుడు రోడ్డుకు అవతలి వైపు, మందుల షాపు ముందు ఒక ఆటో ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "చిట్టి ఎవరప్పా?" అని కేక వేశాడట.

ఆమె రోడ్డు దాటి ఎక్కింది. డ్రైవరు ఓటీపీ అడిగాడు. ఆ యాప్‌లో ఒక ఖాతాకు ఎప్పుడూ ఒకటే ఓటీపీ. అన్న ఓటీపీ ఆమెకు కంఠతా వచ్చు. చెప్పింది. బండి కదిలింది.

ఆమె దిగినప్పుడు నేను గేటు ముందు కూరగాయల బండి దగ్గర ఉన్నాను.

"నువ్వే పంపినావనుకుంటి వదినా," అంది.

"నువ్వు వస్తున్నట్టే నాకు తెలియదు."

"అట్లయితే అన్నే పంపినాడు," అని తడిసిన కొంగు పిండుకుంటూ నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

డ్రైవరును నిలదీశాను. "బుకింగ్ వచ్చిండాది, నేను వచ్చినా. దీంట్లో నాదేముండాదమ్మా?" అని ఫోన్ చూపించాడు. చిట్టి అనే ఉంది. దిగే చోటు మా గేటే. "దుడ్డు కూడా కట్టేసిండాది," అని వెళ్ళిపోయాడు.

ఆయన పాత నంబరుకు చేశాను. వాడుకలో లేదంది. సరోజ కొడుకునూ కోడలినీ విడివిడిగా అడిగాను. మేం చేయలేదన్నారు. యాప్ వాళ్ళకు రాస్తే, ఆ నంబరు మీద ఖాతాయే లేదని జవాబిచ్చారు. ఆ వీధిలో ఇంకో చిట్టి ఉండవచ్చు. ఆమె ఓటీపీ కూడా అదే అయి, ఆమె కూడా మా ఇంటికే రావాలా? పంచాంగం కూడా చూశాను. అది ఆయన తిథి కాదు, పుట్టినరోజూ కాదు.

పంపగలిగిన మనిషి ముందు ఎవరికి పంపాలి? అదే వారం నేను కళ్ళ డాక్టరును చూసి వస్తూ వానలో తడిశాను. ఏ ఆటో ఆగలేదు. ఆ మాట సరోజతో అనకుండా ఉండలేకపోయాను.

"నీకెప్పుడు పంపినాడు వదినా ఆటో?" అంది ఆమె. "నీతో తనే వచ్చేవాడు కదా."

నేను ఓటీపీ ఎంతని అడిగాను. అప్పటిదాకా అది నాకు తెలియదు. ఎప్పుడూ పక్కన కూర్చుని ఆయనే చెప్పేవారు.

ఆ ఆటో ఎవరు పంపారో నాకు ఇప్పటికీ తేలలేదు. బయటికి వెళ్ళేటప్పుడు ముందు రోడ్డు దాటుతాను. బుక్ చేయకుండా కాసేపు నిలబడతాను. నిన్న ఒక ఆటో వచ్చి నా ముందే ఆగింది. అంకెలు నోటిదాకా వచ్చాయి.

"ఎల్లిగమ్మా?" అన్నాడు డ్రైవరు.

ఎక్కడికని అడిగాడంటే ఆయన పంపింది కాదు. పొమ్మన్నాను.