మిస్ ఎవలిన్ టేపు మీద ముప్పై

2022 అక్టోబరు. నార్త్ కెరొలైనా తీరానికి ఆవల, ఫెర్రీ తప్ప మరో దారి లేని ఒక సన్నటి దీవి. దక్షిణం చివర ఊరు, రేవు, హెలికాప్టర్ దిగడానికి సిమెంటు చప్టా. అక్కడి నుంచి ఉత్తరానికి తొమ్మిది మైళ్ల ఇసుక, ఆ ఇసుక చివర పదో పన్నెండో ఇళ్లు. రోడ్డన్నది లేదు. నేను కౌంటీ గ్యారేజీలో ఎమర్జెన్సీ వెహికిల్ టెక్నీషియన్ని. అంబులెన్సులకీ ఫైరింజన్లకీ డాక్టర్నని ఫంక్షన్లలో చెప్పుకుంటాను. మెకానిక్ అని మా ఆవిడ పక్క నుంచి సరిదిద్దుతుంది. పేరు సత్యం. నా మాటల్లో ఏదైనా సగం తీసేసి వినమని ఆవిడ కొత్తవాళ్లకి ముందే చెప్పి ఉంచుతుంది. ఒకసారి నేను పట్టిన చేప ఫెర్రీ కంటే ముందు ఒడ్డు చేరిందని చెప్పిన మాట నిజమే. కానీ ఈ సంగతిలో తీసేయడానికేమీ లేదు. ఉంటే బాగుండేదని నాలుగేళ్లుగా అనుకుంటున్నాను.

మూడు నెలలకోసారి టూల్ బాక్స్ మోసుకుని ఆ దీవికి వెళ్లడం నా డ్యూటీ. అక్కడి వాలంటీర్ రెస్క్యూ స్క్వాడ్ షెడ్డు చూస్తే మీకు నవ్వొస్తుంది. పెద్ద పికప్ ట్రక్కు మీద డబ్బా కట్టించిన ఫోర్ వీల్ డ్రైవ్ అంబులెన్సు ఒకటి. స్ట్రెచర్ తగిలించుకున్న బీచ్ బగ్గీ ఒకటి, ఆ రోజు ఇంజను విప్పేసి ఉంది. నీళ్ల ట్యాంకు మోసే పాత మిలిటరీ లారీ ఒకటి. అడుగు బల్లపరుపుగా ఉండే పడవ ఒకటి. ఆ చివర, టార్పాలిన్ కింద, బ్రిటన్ నుంచి ఓడలో వచ్చిన ఎర్ర ఫైర్ జీపు. స్టీరింగ్ కుడి పక్క. స్కాట్లండ్ వైపు ఏదో దీవిలో ఫైర్‌మన్‌గా పనిచేసిన పెద్దాయన ఇక్కడ స్థిరపడుతూ దాన్ని తెప్పించుకున్నాడు, పోతూ పోతూ స్క్వాడ్‌కి రాసిచ్చాడు.

ఆ జీపు వల్ల నాకో పిచ్చి పట్టుకుంది. బ్రిటన్ చుట్టూ ఉన్న చిన్న దీవుల్లో ఏ ఏ బండ్లు వాడతారో చూస్తూ ఆదివారాలు గడిపేస్తాను. ఒక చోట ఫైరింజనంటే ఇలాంటి జీపే. ఒక చోట లైఫ్‌బోటుని సముద్రంలోకి దింపేది ట్రాక్టరు. కార్లే నిషేధించిన ఒక దీవిలో అంబులెన్సు డబ్బాని కూడా ట్రాక్టరే లాగుతుందట. పెద్ద ఊళ్లలో ఉండే పసుపు పచ్చ గళ్ల అంబులెన్సులు అక్కడా ఉన్నాయి. కానీ దీవికొచ్చేసరికి ముందు నేలనడిగి ఆ తర్వాత బండి కొంటారు. మా కౌంటీ ముందు కాగితాన్నడుగుతుంది.

ఆ కాగితం పేరు చెక్‌లిస్ట్. ఆ ఏడాది మా ఫ్లీట్ మేనేజర్ బ్రాడ్ కౌంటీ మొత్తానికి ఒకటే చెక్‌లిస్ట్ తెచ్చాడు. హైవే మీద తిరిగే బండికీ, ఇసుకలో తిరిగే బండికీ ఒకటే. అందులో ఒక గడి: టైర్లలో గాలి, డ్రైవర్ డోర్ పక్కనుండే కంపెనీ స్టిక్కర్ ప్రకారం ఉండవలెను. ఆ అంబులెన్సుకి స్టిక్కర్ మీద ఎనభై పౌండ్లు. ఇంకో గడి: అనుమతి లేని రాతలు, అతికింపులు తొలగించవలెను.

ఆ రోజు పొద్దున డోర్ తెరిస్తే స్టిక్కర్‌కి అడ్డంగా మాస్కింగ్ టేపు ముక్క. దాని మీద మార్కర్‌తో పెద్దగా: ముప్పై. ముట్టుకోవద్దు.

ఇసుకలో గాలి తగ్గించిన టైరు వెడల్పుగా పరుచుకుని పైన తేలుతుంది. నిండుగా కొట్టిన టైరు గునపంలా దిగుతుంది. ఇది తెలియని మెకానిక్ ఎవడూ ఉండడు. నాకూ తెలుసు. కానీ బీచ్‌కి వెళ్లేవాళ్లు ఇసుక మొదట్లో ఆగి గాలి తీసుకుంటారు, తిరిగొచ్చాక కొట్టుకుంటారు. ఇక్కడా అంతేననుకున్నాను. అడగలేదు. ఊళ్లో ఇరవై మైళ్ల వేగం దాటని ఆ దీవిలో అంబులెన్సు టైర్లు ఏడాది పొడుగునా ముప్పైలోనే ఉంటాయనీ, అందుకే ఇసుక ముందు ఎవరూ ఆగరనీ, ప్రతి సోమవారం వచ్చి గేజ్ పెట్టి చూసేది స్క్వాడ్ పాత కెప్టెన్ మిస్ ఎవలిన్ అనీ నాకు చెప్పే కాగితం లేదు. ఆ టేపు ముక్కే ఆ కాగితం. దాన్ని గోటితో పీకి, ఉండ చుట్టి, చెత్తబుట్టలోకి విసిరాను. గురి తప్పలేదు. నాలుగు టైర్లకీ ఎనభై కొట్టాను. టిక్కు పెట్టాను, సంతకం పెట్టాను.

బ్రిటిష్ జీపుకి ఆ చెక్‌లిస్టులో సగం గడులు లేవు. ఎయిర్‌బ్యాగులు లేవు, స్టీరింగ్ ఉండాల్సిన పక్కన లేదు. ఎర్ర ట్యాగ్ కట్టాను. అంటే బండి పనికి రాదు, తీయకూడదని. పనికిరాని బండికి గాలెందుకని టైర్లు అలాగే వదిలేశాను. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క మంచి పని అది. అదీ బద్ధకం వల్ల.

పదకొండింటికి కాల్ వచ్చింది. ఉత్తరం చివరి ఇంట్లో మిస్ ఎవలిన్ కింద పడిపోయింది.

అంబులెన్సులో వెళ్లింది ఇద్దరు. డ్రైవర్ కోడీ, దీవికొచ్చి రెండు నెలలు. పారామెడిక్ కీర్తన, మోరిస్‌విల్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. వాళ్లమ్మ పార్టీల్లో ‘మెడికల్ లైన్‌లో ఉంది’ అని మాట దాటేస్తుంది కానీ, చెయ్యి వణక్కుండా పనిచేసే ఇలాంటి మనిషిని నేను చూడలేదు. వెళ్లేటప్పుడు ఆటులో తడిసి గట్టిపడిన ఇసుక అంచునే పోయారు, ఏం కాలేదు. తిరిగొచ్చేసరికి పోటు లేచింది. పైనున్న మెత్తటి ఇసుకలోకి ఎక్కారు.

నా ఫోన్ మోగింది.

“సత్యం అంకుల్, మేం స్టక్ అయిపోయాం. ఫోర్త్ మైల్ పోస్ట్ దగ్గర. ఆక్సిల్ దాకా లోపలికి వెళ్లిపోయింది.”

“గాలి తీయమను కోడీని.”

“తీస్తున్నాడు, బట్ బండి పొట్ట శాండ్ మీద కూర్చుంది. కదలట్లేదు. అంకుల్, ఎయిటీ ఉంది ఇందులో! ఎయిటీ ఎవరు పెట్టారు?”

నా జీవితంలో నోటికి అబద్ధం తట్టని క్షణాలు రెండో మూడో ఉంటాయి.

“నేనే పెట్టానమ్మా.”

“ఓకే. తర్వాత తిడతాను. మిస్ ఎవలిన్‌కి స్ట్రోక్. లెఫ్ట్ సైడ్ మూవ్ అవ్వట్లేదు. క్లాట్ కరిగించే మందుకి టైమ్ లిమిట్ ఉంటుంది. హెలికాప్టర్ వస్తోంది కానీ రేవు దగ్గర ప్యాడ్ మీదే దిగుతుందట. ఏదైనా బండి తీసుకురండి అంకుల్. ఏదైనా.”

షెడ్డు ఫోన్‌లో అప్పటికే బ్రాడ్ ఉన్నాడు, స్పీకర్ మీద, అవతలి ఒడ్డున తన కుర్చీలో.

“బ్రాడ్, బ్రిటిష్ జీపు తీస్తున్నాను.”

“దానికి ట్యాగ్ ఉంది.”

“కట్టింది నేనే.”

“సేఫ్ కాదని నువ్వే సంతకం పెట్టావు కదా మరి. రెండింటి ఫెర్రీకి టో ట్రక్ పంపిస్తాను. ప్రొసీజర్ ప్రకారం వెళ్దాం, స్యామ్.”

పన్నెండేళ్లుగా నా పేరు స్యామ్. రెండక్షరాల పేరు పలకడానికి తీరిక లేనివాడు ఒక మనిషి ప్రాణాన్ని రెండింటి ఫెర్రీకి వాయిదా వేశాడు. ఆ క్షణంలో ఆ ఫోన్‌ని నమిలి మింగేసేవాణ్ణే.

చెవి దగ్గర సెల్‌లో కీర్తన. “ఆయనతో ఆర్గ్యూ చేయకండి అంకుల్, బయల్దేరండి.”

“బయల్దేరానమ్మా. ఆయన ఒక్కడే మాట్లాడుకుంటున్నాడు.”

ట్యాగ్ తెంపాను. నీళ్ల ట్యాంకు బరువుతో లారీ ఆ ఇసుకలో దిగబడేదే, ఆ పోటులో పడవ నిలిచేది కాదు. కుడి పక్క కూర్చుని ఎడం చేత్తో గేర్లు మార్చడం ఆ దీవిలో తెలిసిన మనుషులు ఇద్దరే. ఒకరు ఇసుకలో ఇరుక్కున్న అంబులెన్సులో పడుకుని ఉన్నారు. ఇంకొకణ్ణి నేను, తునిలో మా మావయ్య జీపు మీద నేర్చుకున్నవాణ్ణి. ఎనభై మైళ్ల వేగంతో పోయానని చాలామందికి చెప్పాను. ముప్పై. ఆ ఇసుకలో ముప్పై అంటే మాటలు కాదు.

అంబులెన్సు దగ్గరికి చేరాక, జీపు వెనక నీళ్ల గొట్టం చుట్టి ఉండే చోటు ఖాళీ చేస్తే స్ట్రెచర్ సరిగ్గా పట్టింది. దీవుల కోసం కట్టిన బండి కదా, అన్నిటికీ చోటుంటుంది. కోడీ తల వైపు పట్టుకున్నాడు. కీర్తన మోకాళ్ల మీద కూర్చుని దారంతా మాట్లాడిస్తూనే ఉంది.

“మిస్ ఎవలిన్, నాతో మాట్లాడండి. ఎక్కడున్నాం మనం?”

“నా జీపులో.” మాట మెలిదిరిగి వచ్చింది కానీ వచ్చింది. “ఎవరు నడుపుతోంది? క్లచ్ అలా తొక్కుతాడేం?”

“గ్యారేజ్ అంకుల్.”

ఆవిడ నా సీటు వైపు తల తిప్పింది. తర్వాత అడిగింది. “నా టేపు ఎవరు పీకారు?”

కీర్తన నా వీపు వైపు చూసిందని నాకు తెలుసు. అద్దం లేకుండానే తెలుసు.

“గాలికి ఊడిపోయి ఉంటుంది మేడమ్,” అన్నాను.

హెలికాప్టర్ ఎక్కేసరికి మామూలుగా పట్టే సమయం కంటే గంటకి పైగా ఆలస్యమైంది. ఆవిడ బతికింది. మందు కూడా ఇచ్చారు. ఎడమ కాలు నెమ్మదిగా తిరిగొచ్చింది. ఎడమ చెయ్యి రాలేదు. ఆ గంట మిగిలుంటే వచ్చేదా అని కీర్తనని అడిగాను. “చెప్పలేం అంకుల్” అంది. అబద్ధం చెప్పడం ఆ పిల్లకి రాదు. కాబట్టి అది నిజమే అయ్యుండాలి. నాకది ఊరటనివ్వలేదు.

తర్వాత విచారణ. మూడు పేజీల రిపోర్టు. సంఘటన సమయంలో వాహనం అన్ని ప్రమాణాలకూ అనుగుణంగా ఉన్నది, తనిఖీ సక్రమంగా జరిగినది. నేను ఎర్ర ట్యాగ్ తెంపినందుకు ఒక మందలింపు. చెక్‌లిస్ట్ పూర్తిగా పాటించినందుకు, అదే పేజీలో, ఒక మెచ్చుకోలు. ఆ మెచ్చుకోలు చదివినప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ దిగలేదు. ఒక మనిషి చెయ్యి పోగొట్టిన పనికి శభాష్ అన్నారు. ఆవిణ్ణి రేవుకి చేర్చిన బండికి తిట్టారు. బ్రాడ్ గదిలోకెళ్లి ఆ కాగితంలో ఇంకొక్క గడి పెట్టమన్నాను: ఈ బండి ఎక్కడ తిరుగుతుంది? అన్ని బండ్లకీ వర్తించదు కదా స్యామ్, అన్నాడు. అన్నిటికీ వర్తించనిదే అడగాలి బ్రాడ్, అన్నాను. నా గొంతు బయట పార్కింగ్ దాకా వినిపించిందట. సగం తీసేసుకున్నా గుమ్మం దాకా వినిపించే ఉంటుంది.

జనవరిలో ఆవిడ ఊళ్లోని చెల్లెలింట్లో ఉంటే చూడ్డానికెళ్లాను. ఫెర్రీలో దారి పొడుగునా మంచి కథొకటి తయారు చేసుకున్నాను. తుఫాను గాలి, ఉప్పు తేమ, టేపు జిగురు. నమ్మదగ్గ కథ. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని ఉంది, ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టిన వస్తువులా ఉంది. ఆ కథ అక్కడే వదిలేశాను.

“టేపు నేను పీకాను మేడమ్. చదివాను. చదివి కూడా పీకాను.”

“తెలుసు. లోపల అతికించిన టేపుని గాలి పీకుతుందా? ఆ రోజు అంత దరిద్రపు అబద్ధం చెప్పావేంటి? నువ్వు కథలు బాగా చెప్తావని విన్నానే.”

“క్షమించండి.”

“క్షమించానని అన్లేదు.” గొంతు పెరిగింది. “నలభై ఏళ్లు ఆ స్క్వాడ్‌ని నడిపాను. ‘ముట్టుకోవద్దు’ అని ఎందుకు రాస్తారు మనుషులు? రాయడం రాక కాదు. చెప్పడానికి ప్రతిసారీ పక్కన ఉండలేక. ఫోన్ చేస్తే చెప్పేదాన్ని. అర నిమిషం పట్టేది.”

ఆవిడ కుడి చేత్తో సొరుగు చూపించింది. అందులో టేపు చుట్ట, మార్కరు. ఒక చేత్తో టేపు చించడం కుదరదు. చుట్ట నేను పట్టుకున్నాను, ఆవిడ లాగింది, నేను చించాను. టేబుల్ అంచుకి అతికించి పెడితే ఆవిడ రాసింది.

ఇప్పటికీ మూడు నెలలకోసారి ఆ షెడ్డుకి వెళ్తున్నాను. పని మొదలుపెట్టే ముందు ప్రతి బండి చుట్టూ ఒకసారి తిరుగుతాను. ఎవరో కట్టిన తాడు ముక్క, చక్రం కింద పెట్టిన చెక్క, గోడ మీద గీసిన గీత, ఏది కనిపించినా అది ఎవరిదో కనుక్కుని ఫోన్ చేస్తాను. టైర్ల గడిలో ముప్పై అని రాస్తాను. మర్నాడు బ్రాడ్ నుంచి మెయిల్ వస్తుంది, ప్రమాణాల ఉల్లంఘన అని. ఇప్పటికి పదిహేను వచ్చాయి. అన్నీ ప్రింటు తీసి, మిస్ ఎవలిన్ టేపుతోనే, షెడ్డు గోడకి వరసగా అతికించాను. వాటిని పీకే మేనేజర్ ఎవరైనా వస్తే, ముందు ఆవిడకి ఫోన్ చెయ్యాలి. నంబరు పక్కనే రాసి ఉంది.